పదిహేడో నంబరు ఇంట్లో ఐదుగురు పిల్లలు

గోర్నా క్రుషా,
మే 14

దోబ్రింకక్కకి,

ఫోను చేద్దామని రెండుసార్లు తీసి మళ్ళీ పెట్టేశాను. ఫోనులో నేను అరుస్తాను, నువ్వు మధ్యలో కట్ చేస్తావు, ఆ తర్వాత ఎవరు ముందు చేస్తారా అని వారం రోజులు ఇద్దరం బిగుసుకు కూర్చుంటాం. కాగితాన్ని అయితే కట్ చేయలేవు కదా. ఉత్తరం బస్సు డ్రైవరు త్సాంకో చేతికిస్తున్నాను. తిరుగు ట్రిప్పులో జవాబు అడుగుతాడు, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టు.

సంగతేమిటంటే, బడి హెడ్మాస్టరుగా నా పేరిట పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సెప్టెంబరు పదిహేను నాటికి మొదటి తరగతిలో పదిమంది లేకపోతే ఈ ఏడు ఆ తరగతి తెరవకూడదట. మొదటి తరగతి లేని బడి ఎన్నాళ్ళుంటుందో నీకు చెప్పాలా? ఆ వంటగదిలో ఇరవై రెండేళ్ళు గరిటె తిప్పినదానివి. పక్క ఊరి బడికి ఇలాగే ఒక ఏడు మొదటి తరగతి పోయింది. మూడో ఏడు బల్లలు లారీ ఎక్కాయి.

మొన్న మునిసిపాలిటీ నుంచి బడి ఈడు పిల్లల జాబితా వచ్చింది. మన ఊళ్ళో ఆ ఏడు పుట్టింది పదమూడు మంది. వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పగలను, పదమూడు మందినీ చంటిపిల్లల తోపుడుబండిలో ఉన్నప్పుడే చూశాను. జాబితాలో మాత్రం ఎనిమిది పేర్లే ఉన్నాయి. అన్నిటికంటే విచిత్రం, మన బిల్యానా పేరు కూడా లేదు! నీ సొంత మనవరాలు, నా కిటికీలోంచి చూస్తే కనపడే ఇంట్లో ఉండే పిల్ల, ఈ ఊళ్ళో లేదట. గుమాస్తా ఏదో పేజీ ఎగరగొట్టి ఉంటాడు. ప్లామెన్‌ని అడిగితే "చూస్తాలే పిన్నీ" అని మోటారుసైకిలు ఎక్కేశాడు. కొడుక్కి నువ్వైనా చెప్పు. ఒకసారి వెళ్ళి ఆ తప్పు దిద్దించమను.

ఇరవై నాలుగున బడి పండగ. పిల్లలు గుమ్మానికి పూలదండ కడతారు. నువ్వు రాకపోతే పొరలు పొరలుగా జున్ను పెట్టి బానిత్సా ఎవరు కాలుస్తారు?

నీ చెల్లెలు,
వెనెతా


బ్రెగోవిత్సా,
మే 29

వెనెతా,

పండగకి రాలేకపోయాను, కోప్పడకు. కంటి ఆపరేషను అయ్యాక డాక్టరు వంగొద్దన్నాడు. లిఫ్టు మళ్ళీ పాడైంది. మూడంతస్తులు దిగాక మళ్ళీ ఎక్కాలి కదా, ఆ భయంతోనే దిగడం మానేశాను. బాల్కనీలో జెరేనియం మాత్రం విరగబూసింది. వీధి నిండా లిండెన్ పూల వాసన. మీ బావ ఉంటే ఈపాటికి నిచ్చెన వేసుకుని టీకి పూలు కోసేవాడు.

త్సాంకో కాఫీ తాగాడు, రెండు బిస్కట్లు తిన్నాడు, మూడోది జేబులో వేసుకున్నాడు.

బడి గురించి చదివి బాధేసింది. అయినా నువ్వు ఊరికే కంగారు పడతావు. ప్రతి ఏడూ ఇదే పాట పాడతారు పైవాళ్ళు. పిల్లలు దొరుకుతారులే. ప్లామెన్ సంగతి ప్లామెన్‌దే, ముప్పై నాలుగేళ్ళవాడికి నేనేం చెబుతాను? వాడు ఏం చేసినా పిల్ల మంచికే చేస్తాడు.

మొన్న సంతలో అంచుకి ఆకుపచ్చ రంగేసిన మట్టి గిన్నెలు కొన్నాను, చిన్నవి, ఐదు. ఎందుకని అడగకు. ముచ్చటేసింది, కొన్నాను.

నీ మోకాలు ఎలా ఉంది? ఉప్పునీళ్ళ కాపడం మానకు.

దోబ్రింకా


గోర్నా క్రుషా,
జూన్ 20

అక్కా,

నా మోకాలు బ్రహ్మాండంగా ఉంది. ఎంత బాగుందంటే నిన్న మునిసిపాలిటీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

గుమాస్తా పేజీ ఎగరగొట్టలేదు. ఐదుగురు పిల్లలూ ఫిబ్రవరిలో ఊరు మారిపోయారు. కాగితం మీద. ఒక్కొక్కటే తీసి చూపించాడు. మొదటిది బిల్యానాది. బ్రెగోవిత్సా, లిండెన్ వీధి, పదిహేడో నంబరు, మూడో అంతస్తు. రెండోది కున్చో మనవడిది. అదే వీధి, అదే నంబరు, అదే అంతస్తు. మూడోది వచ్చేసరికి నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. ఐదోది చూడలేదు, కుర్చీ అడిగాను.

ఆ ఇల్లు నాకు తెలుసు అక్కా! ఆ వంటింటి పలకల రంగు ఎంచింది నేనే. రెండు గదులు, ఒక బాల్కనీ. ఐదుగురూ ఎక్కడ పడుకుంటున్నారు? స్నానాల తొట్టిలోనా? జెరేనియం కుండీల మధ్యనా? గిన్నెలు ఎందుకని అడగొద్దన్నావు. అడగను. ఐదు ఎందుకో ఇప్పుడు తెలిసింది.

నెల రోజులుగా నేను ఊరంతా తిరిగి "పేరు తప్పిపోయింది, దిద్దించుకోండి" అని చెప్తుంటే వాళ్ళంతా తల ఊపారు. నవ్వుకుని ఉంటారు. హెడ్మాస్టరమ్మ పిల్లల్ని వెతుక్కుంటూ తిరుగుతోంది, పిల్లలు ఆవిడ అక్కగారింట్లోనే ఉన్నారని! నాకు ఒళ్ళు మండిపోతోంది. నువ్వు పరాయిదానివైతే ఇంత మండదు.

పై ఆఫీసుకి ఒక్క అర్జీ పెడితే చాలు, ఐదు పేర్లూ వెనక్కొస్తాయి. అలా పెడితే నీ ఇంటికి విచారణకి వస్తారు, నీకు జరిమానా వేస్తారు, వీధిలో నీ పేరు పోతుంది. అందుకని పెట్టను. కానీ ఈ బడిని మాత్రం వదలను, అది రాసిపెట్టుకో. నాకు ఎందుకు చేశావో చెప్పు. పూల వాసన గురించి కాదు, దీని గురించి రాయి.

వెనెతా


బ్రెగోవిత్సా,
జూలై 2

వెనెతా,

సరే, రాస్తాను. తప్పు చేసినట్టు తల దించుకుని మాత్రం రాయను.

ఫిబ్రవరిలో ప్లామెన్ వచ్చాడు. "అమ్మా, ఇక్కడి బడిలో చేరాలంటే ఇక్కడి చిరునామా ఉండాలి, బిల్యానాని నీ ఇంట్లో రాయించు" అన్నాడు. సొంత మనవరాలిని రాయించనంటానా? వారం తిరగకుండా కున్చో వాళ్ళొచ్చారు. ఆ తర్వాత ద్రాగనోవ్ వాళ్ళు. ద్రాగనోవ్ వాళ్ళకి కవలలు, ఒకళ్ళని రాసి ఒకళ్ళని మానేస్తానా? తర్వాత పోస్టాఫీసు మగ్దా. ఒక్కొక్కళ్ళూ నా వంటింట్లో గంటలకొద్దీ కూర్చున్నారు. జున్ను తెచ్చారు, వైను తెచ్చారు, మగ్దా నా కిటికీలు తుడిచి వెళ్ళింది. నువ్వు నమ్మవు కానీ, మీ బావ పోయిన దగ్గర్నుంచి నా గంట నొక్కేది గ్యాసు మీటరు చూసేవాడు ఒక్కడే.

ఇక్కడ బడి పన్నెండింటికి వదులుతారు. మీ ఊరి బస్సు రెండున్నరకి. ఆ రెండున్నర గంటలూ పిల్లలు మా ఇంట్లో ఉంటారు, నేను సూపు పెడతాను. అదీ ఒప్పందం. ఇరవై రెండేళ్ళు రోజుకి వందమందికి వండిన చేతులు నావి. ఇప్పుడు ఒక గుడ్డు ఉడకబెట్టుకుని తింటున్నాను. సెప్టెంబరు కోసం నువ్వొక్కదానివే ఎదురు చూస్తున్నావనుకోకు.

వాళ్ళెందుకు పోతున్నారో నీకూ తెలుసు, తెలియనట్టు నటించకు. నీ జాబితాలో ఎనిమిది మందిలో ఆరుగురు కింది మహల్లా రోమా జిప్సీల పిల్లలే. "మన పిల్ల ఒంటరిదైపోతుంది" అన్నాడు ప్లామెన్. నేను వాదించలేదు. నీకు బడి ఉంది. నాకేముంది?

దోబ్రింకా


గోర్నా క్రుషా,
జూలై 18

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మెత్తబడ్డాను. నీకు జవాబు రాద్దామని కూర్చున్నాను కూడా. వచ్చే వారం నేనే వచ్చి లిఫ్టు లేకపోయినా మూడంతస్తులు ఎక్కుతాను, ఇద్దరం కలిసి తిందాం అని రాయబోయాను. ఈలోగా కింది మహల్లాకి వెళ్ళొచ్చాను.

ఉన్న ఎనిమిది మందీ జారిపోకుండా చూసుకోవాలని ఇంటింటికీ తిరుగుతున్నాను. ఆఖరి ఇల్లు మింకాది. గుర్తుందిగా, సన్నగా, పొడుగ్గా ఉండేది, మన బడిలోనే చదివింది. ఇప్పుడు బ్రెగోవిత్సాలో కుట్టుపని చేస్తోంది, రోజూ పొద్దున త్సాంకో బస్సులోనే వెళ్తుంది. దాని కూతురు సెవ్దాకి ఏడేళ్ళు. నేను వెళ్ళేసరికి ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని పాత కేటలాగులో అక్షరాలు కూడబలుక్కుంటోంది. నా ప్రాణం లేచొచ్చింది.

"సెవ్దా పేరు ఖాయం చేసుకుందామా?" అన్నాను.

మింకా బట్టలు ఆరేస్తూ, వెనక్కి తిరగకుండానే అంది. "మీ అక్కగారు వద్దన్నాక ఇంకెక్కడికి పోతాం టీచర్, మీ దగ్గరికే కదా."

నాకర్థం కాలేదు. అడిగితే చెప్పింది. మార్చిలో నీ దగ్గరికి వచ్చిందట. తను పని చేసేది మీ వీధికి రెండు వీధుల అవతలేనట. పిల్లని పొద్దున తనతోపాటు తీసుకెళ్ళి, సాయంత్రం తనతోపాటు తీసుకొస్తాను, చిరునామా ఒక్కటి ఇవ్వండి అందట. సూపు కూడా అడగలేదట. నువ్వు తలుపు గొలుసు తీయకుండానే "చోటు లేదు" అన్నావట.

అక్కా, ఐదుగురికి చోటున్న ఇంట్లో ఆరో పిల్లకి ఎందుకు లేదు? కాగితం మీద ఆ పిల్ల ఎంత చోటు తీసుకుంటుంది? ఐదుగురిలో ఎవ్వరికీ లేని అవసరం ఆ ఒక్కదానికే ఉంది. ఆ తల్లి నిజంగా మీ ఊళ్ళో పని చేస్తోంది!

అక్కడ నిలబడ్డ ఆ కాసేపు నాకు తల కొట్టేసినట్టయింది. రెండు ఉత్తరాలు రాశావు, ఈ ముక్క ఎక్కడా లేదు.

వెనెతా


బ్రెగోవిత్సా,
జూలై 27

వెనెతా,

అవును, చోటు లేదన్నాను. గొలుసు తీయలేదు. మిగతా నలుగురు తల్లులు ఏమంటారో అని భయపడ్డాను. మగ్దా ముందే అంది, "మనవాళ్ళు మాత్రమేనా దోబ్రింకా?" అని. నేను తలూపాను. చాలా? ఇంకా కావాలా?

కానీ నాకు పాఠం చెప్పే ముందు నీ నోట్‌బుక్కు కూడా ఒకసారి తెరువు. ఎ గది, బి గది. ఎవరు పెట్టారు? పైనుంచి ఉత్తరం వచ్చిందా దానికి? లేదే! పై వీధి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోతామంటే నువ్వే పెట్టావు. ఎండొచ్చే గది ఎ, కొట్టుగది పక్కది బి. మింకా ఏ గదిలో కూర్చుంది? నీకు గుర్తు లేకపోతే నాకుంది. నేనే వడ్డించాను. సూపు ముందు ఎ గదికి వెళ్ళేది. బి గదికి చేరేసరికి చల్లారి పైన కొవ్వు తెట్టు కట్టేది. ఆ పిల్ల వేలితో ఆ తెట్టు తీసి పక్కన పెట్టేది. ఆరేళ్ళు చూశాను. నువ్వు ఒక్కరోజు కూడా "ముందు బి గదికి పంపు" అనలేదు. నేనూ అడగలేదు.

కాబట్టి నన్నొక్కదాన్నే గుమ్మం బయట నిలబెట్టకు.

దోబ్రింకా


గోర్నా క్రుషా,
ఆగస్టు 9

అక్కా,

నీ ఉత్తరం మీద నాకు కోపం రాలేదు. రావాలని చూశాను, రాలేదు.

నిజమే. పన్నెండేళ్ళు నడిపాను ఆ రెండు గదుల్ని. "పై వీధి వాళ్ళు పోతే బడే పోతుంది, అందరికోసమే చేస్తున్నాను" అని రోజూ నాకు నేనే చెప్పుకున్నాను. చివరికి వాళ్ళు ఎలాగూ పోయారు. బి గదిలో కూర్చున్న పిల్లల పిల్లలే ఇవాళ నా బడిని నిలబెడుతున్నారు. ఇది నీకు ఎప్పుడో చెప్పి ఉండాల్సింది. సిగ్గేసి చెప్పలేదు.

ఆదివారం మింకా ఇంటికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి జాబితా పట్టుకెళ్ళలేదు. "నిన్ను ఆ గదిలో కూర్చోబెట్టింది నేనే. తప్పు చేశాను" అన్నాను. ఇంకా ఏవేవో చెప్పాలనుకున్నాను, కుదరలేదు. ఏడ్చాననుకో. యాభై ఎనిమిదేళ్ళ ముసలిదాన్ని, పరాయి వంటింట్లో, గొంగళి కప్పిన స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. వాళ్ళ అత్తగారు నీళ్ళు తెచ్చిచ్చింది.

మింకా మాత్రం ఏడవలేదు. "టీచర్, మీకు నా పిల్ల కావాలా, నా పిల్ల అంకె కావాలా?" అంది.

"రెండూ కావాలి" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"మీరు నిజం చెప్పారు కాబట్టి నేనూ చెప్తాను. పిల్ల నా దగ్గరగా ఉండాలి. జ్వరమొస్తే రెండు వీధులు దాటి పరిగెత్తగలను, ఇరవై రెండు కిలోమీటర్లు పరిగెత్తలేను. పై వీధి వాళ్ళకి ఇచ్చిన కాగితమే నాకూ కావాలి. క్షమాపణ నేనేం చేసుకోను?"

దారి పొడుగునా ఆలోచించాను. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. అక్కా, సెవ్దాని నీ చిరునామాలో రాయించు. నీ చెల్లెలుగా అడుగుతున్నాను, ఆ బడి హెడ్మాస్టరుగా కూడా. రాయిస్తే నా దగ్గర ఏడుగురు మిగులుతారు. నాకు లెక్కలు వచ్చు, నువ్వు చెప్పక్కర్లేదు. మిగతా ముగ్గురి కోసం నేను పోరాడతాను. ఇంకా ఐదు వారాలుంది, కాళ్ళున్నాయి. కానీ ఆ పిల్లని పట్టి ఉంచి బడి తెరిస్తే మాత్రం ఆ గంట నేను కొట్టలేను.

వెనెతా


బ్రెగోవిత్సా,
ఆగస్టు 26

వెనెతా,

రాయించాను.

మింకా పనిచేసే చోటికి నేనే వెళ్ళాను. మూడంతస్తులూ దిగాను, ఊతకర్ర పట్టుకుని. కుట్టుమిషన్ల చప్పుడులో దానికి నా మాట వినపడలేదు. చేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. "పద, ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు" అన్నాను. అంతకంటే మంచి మాట ఏదీ నోటికి రాలేదు. దారిలో చెప్పాను, ఆ రోజు గొలుసు తీయనందుకు తలుచుకుంటే చచ్చిపోవాలనిపిస్తోందని. "చచ్చిపోకండి, సంతకం పెట్టాలిగా" అంది. నోరు మాత్రం తక్కువేం కాదు.

కిటికీ దగ్గరి గుమాస్తా కాగితం చూసింది, మింకాని చూసింది, మళ్ళీ కాగితం చూసింది. "రెండు గదుల్లో ఆరుగురు పిల్లలా అమ్మగారూ? ఇది ఎలా కుదురుతుంది?" అంది.

"ఐదుగురు ఉన్నప్పుడు కుదిరిందిగా" అన్నాను. "ఫిబ్రవరిలో నాలుగుసార్లు వచ్చాను, నువ్వే ముద్ర వేశావు. అప్పుడు లెక్కపెట్టనిదానివి ఇప్పుడెందుకు లెక్కపెడుతున్నావు? ఐదుగురినీ తీసేయమంటావా, ఆరుగురినీ ఉంచమంటావా? ఏదో ఒకటి చెయ్యి, నేను ఇక్కడే కూర్చుంటాను." వెనక లైను పెరిగిపోయింది. ముద్ర వేసింది.

తర్వాత జరిగిన తమాషా విను. మూడో రోజుకల్లా మగ్దాకి తెలిసింది. ఎలా తెలిసిందంటావా, పోస్టాఫీసు కదా. ఫోను చేసి, "దోబ్రింకా, మా పిల్ల ఆ పిల్లతో ఒకే బల్ల మీద తినాలా?" అంది. "బల్ల పెద్దదే" అన్నాను. కిటికీలు తుడిచిన సంగతి ఎత్తింది. "వచ్చి మళ్ళీ మురికి చేసి పో" అన్నాను. ద్రాగనోవ్ వాళ్ళు కవలలని ఇక్కడ మాంసం కొట్టు వాళ్ళ చిరునామాకి మార్చేశారు. మగ్దాకి, కున్చోకి ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ లేరు. నా ఇంటినుంచి పేర్లు తీయించేసుకున్నారు. ఎక్కడ రాయిస్తారో చూడు. ప్లామెన్ వచ్చి తలుపులు విరిగేలా కొట్టి వెళ్ళాడు, "నా కూతురు కంటే నీకు ఎవరో ఎక్కువయ్యారా?" అని. వాడి మాటకి ఒక రాత్రంతా ఏడ్చాను. కాగితం మాత్రం మార్చలేదు.

గిన్నెలు కడిగి బోర్లించాను. ఎంతమంది వస్తారో చూద్దాం. నీ ఏడుగురు ఏమయ్యారు?

దోబ్రింకా


గోర్నా క్రుషా,
సెప్టెంబరు 15, సాయంత్రం

దోబ్రింకక్కా,

పదిమంది!

మొదటినుంచి చెప్తాను. మగ్దా, కున్చో సెప్టెంబరు మూడో తేదీన ఒకళ్ళ వెనక ఒకళ్ళు వచ్చారు, ఒకళ్ళనొకళ్ళు చూడనట్టు. సంతకాలు పెట్టారు. నీ బల్ల దగ్గర ఒక్క సెవ్దాతో కూర్చోలేని పిల్లలు నా గదిలో ఐదుగురు కింది మహల్లా పిల్లలతో కూర్చోబోతున్నారు! నవ్వు ఆపుకోలేక బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు తల దూర్చాను. ఒకే గది ఉంటుందని, ఎవరి పక్కన ఎవరుండాలో నేనే చెప్తానని, బి గదిలో ఇప్పుడు బొగ్గు పోశామని ముందే చెప్పాను. మగ్దా పెదవి విరిచింది. విరిస్తే విరవనీ.

అప్పటికి తొమ్మిది మంది. ఇంకొకళ్ళ కోసం పక్క పల్లెలు రెండూ కాలినడకన తిరిగాను, గొర్రెల కొట్టాల దాకా వెళ్ళాను. ఏడేళ్ళ పిల్లలెవ్వరూ దొరకలేదు. ఒక తాత "మనవణ్ణి స్పెయిన్ నుంచి రప్పించమంటావా?" అన్నాడు. నిన్న రాత్రి తొమ్మిదితోనే పడుకున్నాను.

ఇవాళ పొద్దున్నే రాగి బిందె తీసుకుని ముందు బస్సు స్టాపుకి వెళ్ళాను. సెవ్దా తెల్ల రిబ్బన్లతో, తనకంటే పెద్ద సంచితో నిలబడి ఉంది. మా బడి పిల్ల కాదు, అయినా ఈ ఊరి పిల్లేగా. బిందెలో జెరేనియం రెమ్మ వేసి దాని దారిలో నీళ్ళు ఒలకబోశాను, చదువు నీళ్ళలా సాఫీగా సాగాలని. పిల్ల కొత్త బూట్లు తడవకుండా గెంతింది. మింకా బస్సు ఎక్కేముందు వంగి నా చెంప మీద ముద్దు పెట్టింది. త్సాంకో హారన్ కొట్టి మరీ కదిలించాడు.

తొమ్మిదింటికి గేటు దగ్గర తొమ్మిది మంది. నేను గంట తాడు పట్టుకున్నాను, అంతే, ప్లామెన్ వచ్చాడు. బిల్యానాని భుజం పట్టి తోసుకొస్తున్నాడు. పిల్ల జడ సగమే అల్లి ఉంది. "ఏమిట్రా ఇది?" అన్నాను.

"ఏం లేదు పిన్నీ. అక్కడా ఆ పిల్లతోనే కూర్చోవాలంట, ఇక్కడా అలాంటివాళ్ళతోనే కూర్చోవాలంట. అలాంటప్పుడు దీన్ని రోజూ ఐదున్నరకి లేపడమెందుకు? ఇవాళ లేపబోతే కరిచింది" అని చెయ్యి చూపించాడు. పంటి గాట్లు నిజంగానే ఉన్నాయి.

నీ కొడుకులో మార్పు వచ్చిందని రాయలేను అక్కా. వాడికి నిద్ర వచ్చింది, అంతే. నేను మాత్రం ఆ కరిచిన చేతికే పెన్ను ఇచ్చి సంతకం పెట్టించాను. ఐదుగురు కింది మహల్లా వాళ్ళు, ఐదుగురు పై వీధి వాళ్ళు. బిల్యానాని కమ్మరి వాళ్ళబ్బాయి అసెన్ పక్కన కూర్చోబెట్టాను. మొదటి పీరియడు అయ్యేలోపే వాడి రబ్బరు కాజేసింది.

నీ బల్ల దగ్గరికి ఇక ఒక్కతే వస్తుంది. అది తలుచుకుంటే నా సంతోషం సగమైపోతోంది. ఎలా ఉన్నావు? నిజం రాయి.

నీ వెనెతా


బ్రెగోవిత్సా,
అక్టోబరు 3

వెనెతా,

నిజమే రాస్తాను. మొదటి రోజు ఐదుగురికి సరిపడా చిక్కుడుగింజల సూపు కాచాను, చెయ్యి తగ్గలేదు. సెవ్దా ఒక్కతే వచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పి, జత చేసి పెట్టి, "లోపలికి రావచ్చా?" అని అడిగింది. పిల్ల రెండుసార్లు పోయించుకుని తింది. తర్వాత లెక్కలు చేసుకుంది, పెద్దగా చదువుతూ. నాకు చూపు సరిగా ఆనడం లేదని తెలిసి ఇప్పుడు నా ఉత్తరాలు కూడా అదే చదివి పెడుతోంది, నీవి తప్ప. సాయంత్రం మింకా వచ్చి తీసుకెళ్తుంది. మంగళవారాలు మింకాకి రాత్రి షిఫ్టు, ఆ రాత్రి పిల్ల నా దగ్గరే పడుకుంటుంది, మంచం మీద మీ బావ పడుకునే వైపు. కాళ్ళతో తంతుంది.

మొన్న గురువారం పిల్ల తినలేదు. చెంచా పెట్టి తిప్పుతూ కూర్చుంది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. పక్క పిల్ల తల్లి వచ్చి గొడవ చేసిందట. టీచరు సెవ్దాని తీసుకెళ్ళి వెనక తలుపు దగ్గర ఒక్కదాన్నీ కూర్చోబెట్టిందట. "అక్కడ గాలి బాగా వస్తుందంది" అని చెప్పింది పిల్ల. ఫిర్యాదులా కూడా చెప్పలేదు వెనెతా.

నేను మింకాకి చెప్పలేదు. చెబితే మిషను వదిలేసి పరిగెత్తుతుంది, ఒక పూట పని పోతుంది. శుక్రవారం పొద్దున నేనే తయారయ్యాను. మంచి కోటు తొడుక్కున్నాను, మీ బావ అంత్యక్రియలకి వేసుకున్నది. ఊతకర్ర తీసుకుని మూడంతస్తులు దిగాను. పాఠం జరుగుతుండగానే తలుపు తట్టి లోపలికి వెళ్ళాను. ఇరవై ఆరు తలలు తిరిగాయి. మనదాన్ని వెతికి చూశాను, తలుపు వెనకే ఉంది.

టీచరు చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయేమో. "ఎవరండీ మీరు? పాఠం జరుగుతోంది" అంది.

"ఈ పిల్ల కోసం వచ్చాను. అందరి పిల్లల్లా ముందు కూర్చోవాలి" అన్నాను.

"మీరు ఆ పిల్లకి ఏమవుతారు?" అంది, నన్ను పైనుంచి కిందికి చూసి. "వాళ్ళమ్మ రావాలి. మీకు సంబంధం లేదు."

నీలా నాకు మాట్లాడటం రాదు, ఎప్పుడూ వంటింటి కిటికీ వెనకే ఉన్నదాన్ని. కానీ నోట్లోంచి అదే వచ్చేసింది. "మీ రిజిస్టరు తీయండి. పిల్ల ఎక్కడుంటుందో చదవండి" అన్నాను. టీచరు తీసింది, చదివింది. లిండెన్ వీధి, పదిహేడో నంబరు, మూడో అంతస్తు.

"ఆ ఇల్లు నాది" అన్నాను. "పిల్ల మా ఇంట్లో ఉంటుంది."

అని మూడో వరసలో కిటికీ పక్క ఖాళీగా ఉన్న బల్ల దగ్గరికి సెవ్దాని చెయ్యి పట్టి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. దాని సంచి తగిలించాను. గంట కొట్టేదాకా గోడవార కుర్చీలో కూర్చున్నాను. సోమవారం మళ్ళీ వెళ్తాను.

దోబ్రింకా